సాలకు నీళ్లొచ్చిన రోజు

కన్నతండ్రిని ఛాతీ దాకా మట్టిలో పాతి, పైన నీళ్లు కూడా పోసినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అనుకుంటాను. కొబ్బరి మొక్కని కూడా ఎవరూ అంత శ్రద్ధగా నాటరు. మీలో ఇంకెవరైనా ఉంటే కబురు పెట్టండి, ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడుద్దాం.

అరవై ఏడో, అరవై ఎనిమిదో. వేసవి. కొత్తవలసకి మూడు మైళ్ల దూరంలో మా ఊరు. నేను విజయనగరంలో పి.యు.సి. ముగించి, డిగ్రీకి అర్జీ పెట్టి ఇంటికొచ్చాను. మా ఊళ్లో భౌతికశాస్త్రం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఊరు మర్చిపోతుందేమోనన్న భయం నాకు ఎప్పుడూ ఉండేది. అందుకని దారిన పోయేవాళ్లని ఆపి మరీ గుర్తుచేసేవాణ్ణి.

మాకు ఒక గేదె, రెండు ఎడ్లు. వాటి సాల ఇంటి వెనక మెరక మీద ఉండేది. నుయ్యి పొలం గట్టున, సాలకి వంద గజాల దూరంలో, పల్లంలో. ఆ మూడింటికీ రోజూ మా అమ్మే నీళ్లు మోసేది. నెత్తిన ఒక కడవ, చంకన ఒక కడవ. నేను వచ్చిన వారానికి, గడ్డిమేటు దగ్గర ఎక్కుడులో కాలు జారి పడింది. కడవలు పగిలాయి. మణికట్టు గుమ్మడికాయలా వాచింది. మర్నాడు పొద్దున్న చూద్దును కదా, వాచిన చేతిని కొంగుతో మెడకి కట్టుకుని, రెండో చంకలో కడవ పెట్టుకుని మళ్లీ నూతి దగ్గరికి వెళ్తోంది.

నేను మోయొచ్చు కదా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. భౌతికశాస్త్రం చదివినవాడు కడవ మోస్తాడా? ఆలోచిస్తాడు. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని ఆలోచించాను.

మా మేనమామ కొత్తవలసలో బియ్యం మిల్లులో ఫిట్టరు. అక్కడ మార్చి పారేసిన ఇనప గొట్టాలు బండెడు ఉన్నాయని తెలిసి వెళ్లాను.

"నూతి దగ్గర తొట్టి కడతాను మావా. ఏతాంతో తోడి అందులో పోస్తే, గొట్టంలోంచి నీళ్లు సాల దాకా వచ్చేస్తాయి."

"వస్తాయి గానీ, వాలు సూసుకోరా," అన్నాడు మావ. "వాలు తప్పితే సుక్క రాదు."

ఆ మాటని నేను మంత్రంలా పట్టుకున్నాను. వాలు తప్పలేదు, బుద్ధి తప్పింది.

మా అయ్య మాత్రం గొట్టాల బండి చూసి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏటిరా ఇది?"

"సాలకి నీటి లైను."

"ఊళ్లో మనిషికి కొళాయి లేదు, మన గేదికి కొళాయా? రేపు అది సబ్బు కూడా అడుగుతాది గాబోలు."

మా అక్క మొగుడు రామునాయుడు బావ పక్క ఊరి నుంచి సాయానికొచ్చాడు. ఇద్దరం గునపాలు పట్టాం. ఒక దగ్గుమందు సీసాలో నీళ్లు పోసి, పైన చిన్న బుడగ ఉండేలా బిరడా బిగించి, గజం గజానికీ అడుగున పడుకోబెట్టి వాలు చూసేవాణ్ణి. బావ నోరు తెరుచుకుని చూసేవాడు. ఆ నోరు చూస్తే నాకు ఇంకా ఉత్సాహం వచ్చేది.

నూతి దగ్గర కాలువ జానెడు లోతు. పది గజాలు వెళ్లేసరికి మోకాలు లోతు. గడ్డిమేటు దగ్గర నడుం లోతు. ఎందుకంటారా? నేల సాల వైపు ఎత్తుకి పోతోంది, నా వాలేమో కిందికే పోవాలి. సాల చేరేసరికి నా తల, గునపం కొస తప్ప మరేమీ బయటికి కనబడటం లేదు. దారిన పోయేవాళ్లు నా తలతోనే మాట్లాడి వెళ్లేవారు.

మా అయ్య వచ్చి గట్టు మీద కూర్చుని లోపలికి చూశాడు.

"గేది తొట్టి పైన ఉన్నాది కదరా. నీళ్లు పాతాళంలోకి వస్తాయి. అది ఎలా తాగుతాది?"

నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆరు రోజులు తవ్వాను. నీళ్లు ఎలా వెళ్తాయన్నదే తప్ప ఎక్కడికి చేరాలన్నది నా శాస్త్రంలో లేదు. కానీ ఓడిపోయానని ఒప్పుకునే వయసా అది?

"ఇక్కడ ఒక గొయ్యి తీస్తానయ్యా. నీళ్లు అందులో నిలుస్తాయి. చేదతో తోడుకోవడమే."

"నుయ్యి అక్కడ ఉండగా, ఇక్కడ ఇంకో నుయ్యేటిరా?"

"అమ్మ అంత దూరం నడవక్కర్లేదు కదా."

మా అయ్య లేచి పంచె ఎగ్గట్టి, రెండో గునపం తీసుకుని కాలువలోకి దిగాడు. నా చిన్నప్పటి నుంచి నా మాట విని ఆయన చేసిన మొదటి పని అది. వినకుండా ఉంటే ఎంత బాగుండేదో.

గొయ్యి నిలువెత్తు కన్నా లోతుగా, దిగడానికి మట్టిమెట్లతో తీశాం. ఎక్కడ తీశాం? సరిగ్గా సాల మట్టిగోడ మొదట్లో. చేదతో తోడి, గోడ మీంచి లోపలి తొట్టిలోకి ఒంపేస్తే అమ్మకి తిరుగుడు కూడా ఉండదని నా దూరదృష్టి. ఆ గోడ మా తాత పెట్టించింది, పునాది మూరెడు. దాని కాళ్ల కింద నేల తీసేస్తే ఏమవుతుందో గేదెకి కూడా తెలిసే ఉంటుంది. రెండు రోజులుగా అది గోడకి దూరంగా జరిగి నిలబడుతోంది. మేం దానికి ఈగలు ముసురుతున్నాయనుకున్నాం.

గొట్టాలు బిగించాం, కాలువ పూడ్చాం. నూతి దగ్గర తొట్టి కట్టి దానికి రంధ్రం పెట్టాం. మర్నాడు పొద్దున్నే ప్రారంభోత్సవం. బావ ఏతాం ఎక్కాడు. గడ్డిమేటు అడ్డం కాబట్టి మాకూ అతనికీ ఒక గుర్తు పెట్టుకున్నాం. నేను తవ్విపోసిన మట్టిదిబ్బ మీద నిలబడి తువ్వాలు ఊపితే నీళ్లు బాగా వస్తున్నాయని, ఇంకా తోడమని అర్థం. ఆపమనడానికి గుర్తు ఏమిటి? పెట్టుకోలేదు. ఆపాల్సిన అవసరం వస్తుందని ఎవరికి తెలుసు?

గొట్టం గుడగుడలాడింది. తుప్పు ఉమ్మింది. ఆ తర్వాత, మీరు నమ్మండి, తెల్లటి నీళ్లు వచ్చాయి. అమ్మ చేద పట్టుకుని గట్టున నిలబడి, వాచిన చేత్తోనే దండం పెట్టింది. నేను తువ్వాలు ఊపాను. మా అయ్య ఉండబట్టలేక, మెట్ల మీంచి గోతిలోకి దిగి, గొట్టం ముందు గొంతుక్కూర్చుని దోసిలి పట్టాడు. ముఖం కడుక్కున్నాడు. తలెత్తి నా వంక చూశాడు.

"వచ్చినాయిరా సత్తిం," అన్నాడు. అంతే. ఆ ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

గోడ అప్పుడు కూలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ముసలాయన దగ్గినట్టు ఒక దగ్గు, అంతే. దుమ్ము తగ్గాక చూస్తే గోతిలో మట్టిపెళ్లలు, వాటి మధ్య మా అయ్య ఛాతీ, తల. పైన, గోడ లేని సాలలోంచి గేదె తొంగి చూస్తోంది. మా అయ్య చెవి పక్కన గొట్టం మాత్రం హాయిగా నీళ్లు పోస్తోంది.

నేను మట్టిదిబ్బ మీదికి పరిగెత్తి, తువ్వాలు తిప్పుతూ అరిచాను. "బావా! ఆపు! బావా!"

గాలికి నా మాట ఎటు పోయిందో. ఏతాం కిర్రుచప్పుడు మధ్య బావ కేక మాత్రం స్పష్టంగా వినబడింది.

"కనబడతన్నాదిరా! అలాగే! ఇంకా జోరుగా తోడతన్నాను!"

నేను రెండు చేతులతో తువ్వాలు తిప్పాను. బావ వేగం రెట్టింపు చేశాడు. నీళ్లు అయ్య భుజాలు దాటాయి.

అమ్మ చేద పారేసి, కొంగు దోపుకుని, రోజూ కడవలతో నడిచే ఆ దారిలోనే నూతి వైపు పరిగెత్తింది. నేను గోతిలోకి దూకి చేతులతో మట్టి లాగుతున్నాను. తడిసిన మట్టి, ఎంత లాగితే అంత జారి వస్తోంది. గొట్టానికి నా చొక్కా కుక్కితే చొక్కాని ఉమ్మేసింది. మావ చెప్పిన వాలు అంత బాగా కుదిరింది. నీళ్లు అయ్య గడ్డానికి తగిలాయి. ఆయన తల వెనక్కి వంచి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ లైను బాగానే పని సేస్తన్నాదిరా," అన్నాడు.

నేను నవ్వలేదు. ఈ ఒక్క చోట మీరూ నవ్వకండి.

నీళ్లు ఆయన కింది పెదవి దగ్గర ఆగాయి. అమ్మ నూతి దగ్గరికి చేరిందన్న మాట. బావ చెమట తుడుచుకుంటూ, "ఏటత్తా, గేదికి సరిపోయినాయా?" అని అడిగాడట. అమ్మ ఏం చెప్పిందో ఎవరికీ తెలీదు. బావ ఏతాం మీంచి దూకి పరిగెత్తుకొచ్చాడు.

ఊరంతా కలిసి మట్టి తోడింది. మా అయ్యని పైకి తీసి చూస్తే కుడికాలు రెండు చోట్ల విరిగి ఉంది. బండి మీద కొత్తవలస, అక్కణ్ణుంచి రైల్లో విజయనగరం ఆసుపత్రి. నాలుగు నెలలు మంచం మీద. ఆ కాలు మళ్లీ తిన్నగా కాలేదు. ఏరువాకకి నాగలి నేను పట్టాను. కాలేజీ నుంచి సీటు ఇచ్చామని ఉత్తరం వచ్చింది. దాన్ని చదివి, మడిచి, చూరులో దోపాను. అమ్మకి గేదె నీళ్లతో పాటు మంచం మీది మనిషికీ నీళ్లు మోయాల్సి వచ్చింది. అప్పుడు, మీరు ముందే అడిగినట్టు, కడవ నేను ఎత్తుకున్నాను. శాస్త్రం చదివిన తలకి కడవ చక్కగానే ఆనింది.

మా అయ్య ఆ విషయం మీద నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత పంచాయతీవాళ్లు ఊరికి నీటి లైను వేయడానికి వచ్చారు. ఇంజనీరు మా వీధిలో సున్నంతో గీత గీయిస్తుంటే మా అయ్య కర్ర పొడుచుకుంటూ వెళ్లాడు. నేను వెనకే ఉన్నాను.

"బాబూ, తవ్వకం ఎప్పుడు?"

"సోమవారం. ఏం పెద్దాయనా, అభ్యంతరమా?"

"నాకేటి అభ్యంతరం బాబూ, సుబ్బరంగా తవ్వుకోండి. ఒక్కటే మనవి. ఆదివారం నాడే మావోణ్ణి రైలెక్కించేస్తాను. గొట్టాలు పూడ్సినాక కబురెట్టండి, ఎనక్కి పిలుస్తాను."

ఇంజనీరు నవ్వాడు. వీధంతా నవ్వింది. మా అయ్య నవ్వలేదు. ఆదివారం నాడు నిజంగానే నా సంచి సర్ది గుమ్మంలో పెట్టాడు.

కాబట్టి పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా మట్టి, నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గోడ పక్కనా గునపం పట్టను. బంతి మొక్క నాటాల్సి వచ్చినా గొయ్యి వేరేవాళ్లు తీస్తారు, నేను దూరంగా నిలబడి మొక్క పట్టుకుంటాను. సంతోషంతో గానీ భయంతో గానీ, బతికున్నంత కాలం ఎవరికీ తువ్వాలు ఊపను.