వేజెస్ పక్కన ఈజ్

ఈ రోజు సాయంత్రం గుండుగొలనులో బస్సు దిగి నేరుగా సునీత వాళ్లింటికి నడిచాను. మా ప్రార్థన మందిరంలో నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న సునీతకు రేపు నర్సు ఉద్యోగానికి పరీక్ష. జీతం అని అర్థమొచ్చే 'వేజెస్' అనే మాట చివర ఎస్ ఉన్నా పక్కన 'ఈజ్' రావాలని, పాత ఇంగ్లీషు బైబిల్లో 'పాపానికి జీతం మరణం' అనే లేఖనం చూపించి రెండేళ్లు నేర్పింది నేనే. మధ్యాహ్నం ఏలూరులో కొన్న గైడులో 'ఆర్' అని ఉంది. ఆ పాత వాడుక ఇప్పుడు చెల్లదట. నా మూలంగా ఆ పిల్ల ఉద్యోగం పోతుందేమోనని భయం పట్టుకుంది.

వాళ్ల గుమ్మంలోనే సునీతకు చెప్పేశాను. "నేను తప్పు నేర్పానమ్మా. రేపు ఆర్ అని రాయి."

"అలాగే రాస్తానండీ బ్రదర్. మాకందరికీ పోయినేడాదే తెలిసిందండీ."

"మరి చెప్పలేదేం?"

"ఒకసారి అడిగితే, లేఖనాన్నే ప్రశ్నిస్తావా అని మైకులో కేకలేశారు కదండీ. అందుకని మీ దగ్గర ఈజ్, పరీక్షల్లో ఆర్ అనుకున్నామండీ."

ఆ భయం పోయి ఇంకో భయం వచ్చింది. పదేళ్లుగా నా ప్రసంగాలకు ఆమెన్ అంటున్నవాళ్లలో దేవుడికి భయపడి అంటున్నదెందరు, నాకు భయపడి అంటున్నదెందరు?

నేను తప్పు చెప్పిన సంగతి ఏదైనా ఉంటే ఈ పోస్టు కిందే రాయండి. కోప్పడనని మాటివ్వలేను గానీ, పూర్తిగా చదువుతాను.