తలుపుల మీది సగం మాట

సిద్దిపేట నుంచి కొమురవెల్లి బాటలో ఎడ్లబండి మీద సగం రోజు ప్రయాణం చేసి ఆ ఊరు చేరాం. పొద్దున పదకొండు గంటలు. ఉగాది దాటి వారమైంది. కొమురవెల్లి జాతర నుంచి తిరిగొచ్చిన వాళ్లతో గత్తర వచ్చింది. చదువుకున్నవాళ్లు దాన్ని కలరా అంటారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ల మనవలు ఇంకా అదే వీధిలో ఉన్నారు.

యుద్ధం తూర్పున జరుగుతోంది. ఒక డాక్టరును, ఫౌజు సిపాయిలం మా ఏడుగురిని మాత్రం ఇటు పంపారు. తుపాకులు ఏడు, తూటాలు లేవు. బావుల్లో కలిపే ఎర్రమందు రెండు డబ్బాలు. బ్లీచింగు పౌడరు నాలుగు సంచులు. సున్నం ఒక బస్తా, కుంచెలు మూడు. సెలైను సీసాలు నాలుగే. ఊరి బయట చెలకలో, మెట్టపొలంలో, తాటాకు షెడ్డు వేశాం. రోగిని పట్టుకొచ్చి అందులో పడుకోబెట్టాలి. జబ్బున్న ఇంటి తలుపు మీద సున్నంతో ఇంగ్లీషు ‘సి’ అక్షరం గీయాలి. కలరాకు అది పొడి అక్షరం. దాని అర్థం ఊళ్లో ఎవరికీ చెప్పరాదు. చెబితే జనం బెదిరి పారిపోతారు, జబ్బును పక్క ఊళ్లకు మోసుకుపోతారు. ఇవీ ఉత్తర్వులు.

ఈమధ్య సిద్దిపేటలో చాలామంది పొడి అక్షరాల మీద విసుక్కుంటున్నారు. మాటకు తల ఉంచి మొండెం నరికేస్తున్నారని, అది బద్ధకమని అంటున్నారు. నాకు ఆ విసుగు ఫౌజులోనే పట్టుకుంది. అక్కడ మెడికల్ ఆఫీసరైన డాక్టరు ‘ఎం.ఓ.’. సిపాయిలం మేము ‘ఓ.ఆర్.’, అదర్ ర్యాంక్స్, అంటే మిగతావాళ్లం. బతికున్న మనుషులం రెండక్షరాలకు సరిపోయాం. తలుపు మీద పూర్తి మాట, అదీ తెలుగులో రాద్దామని మొదటి రోజే హవల్దారుతో వాదించాను. ఆయనది అక్కన్నపేట.

“పంతులూ, రాస్తే సదివేటోళ్లెవరున్నరు గీడ?” అన్నాడు. చదువుకున్నానని నన్ను అలా పిలిచేవాడు.

“చదవలేకపోతే నోటితో చెబుదాం.”

“చెప్పొద్దని ఆర్డరు. నీ వాదం సిద్దిపేటల మీటింగుల పెట్టుకో. గా సున్నం కలుపు ముందుగాల.”

కలిపాను.

భయం గురించి ఒక మాట చెప్పాలి. శత్రువు ఎదురుగా ఉంటే ఎటు తిరగాలో తెలుస్తుంది. ఇక్కడ శత్రువు చెంబులో ఉన్నాడు. మరగబెట్టిన నీళ్లను కూడా వెలుతురుకు ఎత్తి చూసి తాగేవాళ్లం. కడుపులో చిన్న శబ్దం అయితే చాలు, పక్కవాడి ముఖం చూసేవాళ్లం. వాడూ మన ముఖమే చూస్తుండేవాడు. నేను దేవుణ్ని నమ్మను. ఆ వారంలో మాత్రం లెక్కలేనన్నిసార్లు నా నాడి నేనే పట్టుకుని చూసుకున్నాను.

మొదటి మూడు రోజుల్లో ముగ్గురిని షెడ్డుకు మోశాం. ముగ్గురూ పోయారు. మూడు సీసాలు అయిపోయాయి. నాలుగో రోజు గాలిదుమారానికి షెడ్డు కప్పు లేచిపోయింది. ఆ రోజే కుమ్మరి రాజవ్వకు వాంతులు మొదలయ్యాయి. తలుపు మీద ‘సి’ గీసి, తీసుకుపోవడానికి చోటు లేక, ఆమె ఇంట్లోనే దూలానికి సీసా కట్టి ఎక్కించాం. చివరి సీసా అది. మర్నాటికి రాజవ్వ లేచి కూర్చుని తినడానికి గటక అడిగింది. ఊరంతా వచ్చి గుమ్మం అవతల నిలబడి చూసింది.

ఆరో రోజు సాయంత్రం ఐదింటికి, రోగులను చూసుకునే మా నర్సింగు సిపాయి ఇల్లిల్లూ తిరిగి వచ్చాడు. కొత్త రోగి ఒకరు దొరికారని హవల్దారుతో అన్నాడు. ఆడమనిషి. అప్పుడే మొదలైంది. తలుపు మీద గుర్తు పెట్టానన్నాడు. నేను ఊరి అవతల మందు కలిపిన బావి కాపలాలో ఉన్నాను, డాక్టరు పక్క పల్లెలో. నర్సింగు సిపాయి రిజిస్టరులో ఒక ముక్క గీకి, సీసాల కోసం మేం వచ్చిన బండి మీద సిద్దిపేట దవాఖానకు బయలుదేరాడు.

ఏడో రోజు పొద్దున ఏడింటికి బండి వచ్చింది. సీసాలు ఆరు. నర్సింగు సిపాయి లేడు.

“తోవల్నే కక్కుడు వెట్టిండు సారూ,” అన్నాడు బండాయన. “దవాఖానల పండవెట్టిన్రు. నోట మాట లేదు.”

డాక్టరు రిజిస్టరు తెరిచాడు. ‘సి. కొత్త. స్త్రీ. 1.’ అంతే ఉంది. పేరు లేదు, ఇంటి ఆనవాలు లేదు. తలుపు మీద గుర్తుండగా పేరెందుకని మా అలవాటు.

“ఒంట్లో నీరింకిపోతుంది, పది దాటితే సీసా ఎక్కించడానికి నరం దొరకదు. నడవండి,” అన్నాడు డాక్టరు.

ఊళ్లో అడుగుపెట్టి ఆగిపోయాం. మొదటి తలుపు మీద ‘సి’. రెండో తలుపు మీద ‘సి’. వీధి పొడుగునా, ఎడమా కుడీ, ప్రతి ఇంటి మీదా తెల్లగా ‘సి’. కొన్ని వంకరగా, కొన్ని వెనక్కి తిరిగి. ఒక ఇంటావిడ దాని చుట్టూ పసుపు బొట్లు కూడా పెట్టింది.

“గీ ఊరోళ్లందరికి తెల్లారేసరికి తగులుకుందా ఏంది?” అన్నాడు హవల్దారు.

ఒక గుమ్మంలో పోచవ్వ అనే ముసలామె సున్నం ముంతతో నిలబడి ఉంది. ఇదేమిటని అడిగాను.

“ఏం బిడ్డా, రాజవ్వకు రాస్తిరి, ఆమె బతికె. మాకు రాయకపోతిరి. మా పానాలు పానాలు గావా? మీరు రాయకుంటె మేమే రాసుకున్నం.”

“అవ్వా, ఊళ్లో ఎవరికి బాగాలేదు?”

ఆమె ముంత కింద పెట్టి లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. ఎవరి పేరు చెబితే వాళ్లను షెడ్డుకు ఎత్తుకుపోతామని ఊరంతా ఇంకా అనుకుంటోంది.

వెతికాం. గుర్తున్న ప్రతి ఇల్లూ తట్టాం. కొందరు తెరిచారు, అందరూ బాగున్నామన్నారు. కొందరు తెరవలేదు, హవల్దారు భుజంతో తోశాడు. లోపల గాదెల చాటున పిల్లలు, ముసలివాళ్లు, మమ్మల్ని చూసి ఏడుపు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. రెండో వీధిలో గుర్తు లేని ఇల్లు ఒకటి ఉంది. ఊరు మొత్తంలో అదొక్కటే. దాని ముందు నుంచి మూడుసార్లు నడిచాను. గుర్తు లేదు కనుక ఆగలేదు.

పదిన్నరకు గుర్తున్న ఇళ్లన్నీ అయిపోయాయి. నేను ఆ ఇంటి ఎదుటే నిలబడి చెమట తుడుచుకుంటున్నాను. తలుపు మీద చెయ్యెత్తు మేర కొత్తగా పేడ అలికి ఉంది. తలుపుకు ఎవరైనా పేడ అలుకుతారా? అప్పుడు తట్టింది నాకు, అక్కడి గుర్తును చెరిపేశారని. డాక్టరును కేకేశాను.

మల్లయ్య అనే రైతు గడప మీద అడ్డంగా నిలబడ్డాడు.

“నా ఇంటిదాన్ని షెడ్డుకు పంప. గాడికి పోయినోళ్లు మల్ల రాలే.”

“షెడ్డు లేదు మల్లయ్యా. మందు తెచ్చాం. రాజవ్వకు ఎక్కించిందే.”

ఆయన నా ముఖం చూశాడు, సీసా చూశాడు. పక్కకు జరిగాడు.

ఆయన భార్య లచ్చవ్వ నులక మంచం మీద ఉంది. కళ్లు లోపలికి పోయాయి. వేళ్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డాయి. డాక్టరు రెండు చేతులకూ ప్రయత్నించాడు. కాలి చీలమండ దగ్గర కోసి చూశాడు. నరం దొరకలేదు. పదకొండూ నలభైకి ఆమె ఊపిరి ఆగింది, సీసా దించేశాడు. సీసా నిండుగానే ఉంది.

మల్లయ్య గట్టిగా ఏడవలేదు. నన్ను మాత్రమే అడిగాడు.

“గా రాతున్న ఇంటికే గా సీసా వస్తదని ఒక్క మాట ఎవ్వలన్న చెప్పిన్రా? చెప్తే నేను తుడుస్తునా సారూ?”

డాక్టరు నిండు సీసాను సంచిలో సర్దుకున్నాడు.

ఊరివాళ్లది మూఢనమ్మకమని తర్వాత మా పై అధికారి రాసుకున్నాడు. నేను ఒప్పుకోను. వాళ్లు కళ్లతో చూసిందాన్ని బట్టి లెక్క కట్టారు. రాత ఉన్న ఇల్లు బతికింది, కాబట్టి రాసుకున్నారు. రాత ఉన్నవాళ్లను మోసుకుపోతే తిరిగి రాలేదు, కాబట్టి మల్లయ్య తుడిచాడు. మిగిలిన సగం మాట మా నోట్లో ఉంది. మేము మింగేశాం. అక్షరాన్ని గుడ్డిగా నమ్మింది మేము. ప్రశ్న అడగడమే నా మతమని చెప్పుకునే నేను, గుర్తు లేని తలుపు ముందు మూడుసార్లు ప్రశ్న లేకుండా నడిచాను. పొట్టిగా రాయడం నేరం కాదు. ఎవరి ప్రాణానికి సంబంధించిన మాటో వాళ్లకే విప్పి చెప్పకపోవడం నేరం.

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వును పక్కన పెట్టి, హవల్దారూ నేనూ గడప గడపకూ పోయి అంతా నోటితో చెప్పాం. ఎవరూ పారిపోలేదు. సాయంత్రానికి ఇద్దరు తమంతట తామే వచ్చి తమ ఇళ్లు చూపించారు. ఆ ఇద్దరూ బతికారు.

పదమూడో రోజు సిద్దిపేటకు తిరిగొచ్చాం. నర్సింగు సిపాయి దవాఖాన అరుగు మీద, ఎముకల గూడులా, కూర్చుని ఉన్నాడు. “గా ఆడమనిషి బతికిందా?” అన్నాడు. పేరు అతనికీ తెలియదు. లచ్చవ్వ అని చెప్పాను.

తర్వాతి ఏడాది ఫౌజు వదిలేశాను. ఇల్లు కట్టుకున్నాను, వయసు మీద పడింది. లచ్చవ్వ ఉన్న ఆ గదిలోంచి మాత్రం బయటికి రాలేకపోయాను. కోడికూతకు తలుపు మీది సున్నం తుడిచి, పేడ అలికే ముందు, ఆ చేతితోనే మల్లయ్య ఆమె తల ఎత్తి నీళ్లు తాగించాలని చూశాడట. మేము లోపలికి వెళ్లేసరికి, చెవి పైన నల్లటి జుట్టు మీద, ఐదు వేళ్లూ విడివిడిగా, తెల్లటి సున్నం.