నెట్టు పరమేష్ శుక్రవారం

వేంపల్లెలో నెట్టు పోయిందంటే జనం దేవుణ్ణి తలుచుకోరు, పరమేష్‌ను తలుచుకుంటారు. దేవుడైనా మధ్యాహ్నం గుడి తలుపులేసుకుని కాసేపు నడుం వాలుస్తాడు. ఇతనికి ఆ భాగ్యం కూడా లేదు. కేబుల్ ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి పదేళ్ళు దాటింది. భుజాన నిచ్చెన, వీపున సంచి, చెవిలో ఫోను. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచెయ్యి ఫోనుకే.

మిగతా రోజులు ఒక ఎత్తు, శుక్రవారం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళ మనుషులు కువైట్లో ఉంటారు. వాళ్ళకు శుక్రవారం సెలవు. సెలవంటే ఏం సెలవు, యజమానురాలు దయతలిస్తే ఓ గంట. ఆ గంట కోసమే ఇక్కడ అందరూ ఫోన్ల ముందు, కంప్యూటర్ల ముందు కాచుకుని కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే ఎవరింట్లోనో నెట్టు చస్తుంది.

పరమేష్ భార్య శివలీల కూడా కువైట్లోనే ఉంది, ఒక ఇంట్లో వంటపని. పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆమె ముఖం పెద్దగా కనపడాలని ఇంట్లో పాత కంప్యూటరొకటి కొనిపెట్టాడు. శుక్రవారం ఆ తెర మీద శివలీల కనిపించేసరికి కూతురు యశోద, అత్త గురమ్మ ముందు కూర్చుని ఉంటారు. పరమేష్ మాత్రం ఎవరి మిద్దె మీదో ఉంటాడు. వరసగా మూడు వారాలు అదే జరిగింది. పోయిన వారం శివలీలకు కడుపు మండింది.

"మీ నాయన ఊర్లో వాల్లందరికీ వాల్ల వాల్ల మనుషుల్ని చూపిస్తాడు. నాకు మాత్రం ఆయప్ప మొగం చూపించడు. వచ్చేవారమన్నా ఉంటాడా, లేకుంటే నేను ఫోన్ చేసేదే మానుకోనా?" అంది కూతురితో.

ఆ మాట విన్నప్పటి నుంచి పరమేష్‌కు ముద్ద దిగలేదు. ఈ శుక్రవారం ఆకాశం ఊడిపడినా ఇంట్లోనే ఉంటానని యశోదకు మాటిచ్చాడు. ఆఫీసు నడిపే ధనుంజయకూ ముందే చెప్పాడు. "సరేలేప్పా, పో" అన్నాడాయన. తీరా చూస్తే గురువారం గాలివాన కొట్టి స్తంభాలు ఒరిగాయి. తెల్లవార్లూ తెగిన వైర్లు అతుకుతూనే ఉన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం బండి ఇంటివైపు తిప్పాడో లేదో, మళ్ళీ ధనుంజయ ఫోను.

"పరమేషూ, రామలక్ష్మమ్మ ఇంట్లో నెట్టు రాలేదంట. కువైట్ నుంచి కొడుకు ఫోన్ చేసే టైమంట, ఆయమ్మ ఏడుస్తాండాది. ఆ ఒక్కటీ చూసి పోప్పా."

కాదనడం చేతకాని మనిషి. అదే ఇతని జబ్బు, దానికి మందు లేదు.

రామలక్ష్మమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "పొద్దన్నుంచి నెట్టు పెట్టె మీద ఎర్రలైటు కొట్టుకుంటాండాది నాయనా. కంప్యూటర్ని ఎన్నిసార్లు ఆర్పి ఏసినానో! అది పలకదు, ఉలకదు."

ఎర్రలైటు వెలిగిందంటే కంప్యూటర్ని ఎన్నిసార్లు ఆర్పినా దండగే, తప్పు బయటి వైరులో ఉన్నట్టు. పరమేష్ పెట్టె వెనక వైరు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. ఎర్రలైటు పోలేదు. ఉసూరుమంటూ మిద్దె ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే కనిపించింది. స్తంభం నుంచి వచ్చే నల్లవైరు మీద తడి బొంత ఒకటి నీళ్ళు కారుతూ వేలాడుతోంది. ఆ బరువుకు వైరు పిట్టగోడ అంచు దగ్గర మడత పడిపోయింది.

"పెద్దమ్మా! దీని మీద బొంత ఎవరు ఆరేసింది?"

"నేనేప్పా. గాలికి దండెం తెగిపాయ. ఈ వైరు గట్టిగా కనపడె."

"లోపల ఉండేది గాజు పోగు పెద్దమ్మా, మడత పడితే ఇరిగిపోతాది!"

"గాజా? అయ్యో నా మతి మండ! ఆ మాటేదో వైరు కట్టే రోజే చెప్పల్ల కదా నాయనా?"

నవ్వే ఓపిక కూడా లేదు పరమేష్‌కు. నెత్తిన ఎండ, కింద కాలే బండలు. సంచిలోంచి పోగులు అతికే మిషన్ తీసి అతుకు వేయబోతుంటే యశోద ఫోన్ చేసింది.

"నాయనా, అమ్మొచ్చింది. యాడుండావు?"

"ఈడనే పాపా, వస్తాండా. అమ్మను కట్ చేయొద్దని చెప్పు."

తొందరలో గాజు పోగు జారింది. మళ్ళీ పెడితే మళ్ళీ జారింది. తలప్రాణం తోకకొచ్చాక అతుకు పడింది. కిందికొస్తే పచ్చలైటు. హమ్మయ్య అనుకుంటే, గోరుచుట్టు మీద రోకటిపోటు, కంప్యూటర్లో ఒక్క సైటూ తెరుచుకోలేదు. అదే నెట్టుతో ఫోను మాత్రం చక్కగా పనిచేస్తోంది. అంటే ఈసారి తప్పు కంప్యూటర్దే. తెర మూల చూశాడు. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కిపోయి ఉంది. రాత్రి కరెంటు పోయినప్పుడు లోపలి చిన్న బ్యాటరీ కాస్తా చేతులెత్తేసింది. తేదీ తప్పుగా ఉంటే సైట్లు లోపలికి రానివ్వవు. తేదీ సరిచేశాడు. కాసేపటికి రామలక్ష్మమ్మ కొడుకు తెర మీదికొచ్చాడు. ఆమె ముక్కు చీదుకుంటూ "కాఫీ తాగి పో నాయనా" అని తిరిగి చూసేసరికి పరమేష్ బండి వీధి మలుపు తిరిగింది.

ఇంట్లో శివలీల ఇంకా తెర మీదే ఉంది. చిక్కిపోయింది మనిషి.

"వచ్చినావా?"

"వచ్చినా."

"తిన్నావా?"

"తింటాలే. నీతో శానా మాట్లాడల్ల, ఉండు."

ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. వారమంతా కూడబెట్టుకున్న మాటల్లో ఏది ముందు చెప్పాలా అనుకుంటూ కళ్ళు మూసుకున్నాడు, ఒక్క క్షణమే అనుకున్నాడు.

తెరిచేసరికి గదిలో పొద్దు వాలింది. తెర నల్లగా ఉంది. పరమేష్ ఉలిక్కిపడి పెట్టె దగ్గరికి పరుగెత్తాడు.

"లైను పోయిందా పాపా? ఎర్రలైటు వచ్చిందా?"

"లేదు నాయనా. నెట్టు బాగానే ఉండాది. నువ్వే నిద్దరపోయినావు."

"అయ్యో, నన్ను లేపలేదేం? మీయమ్మ ఏమనుకునింటాది!" తల కొట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మే లేపొద్దనింది. నీ మొగం కనపడేట్టు కెమెరా తిప్పమనింది. వాల్ల మేడమ్ పిలిచేదాంకా నిన్నే చూస్తా కూర్చునింది."

"ఏమన్నా అనిందా?"

"గడ్డం గీక్కోమని చెప్పమనింది. వచ్చే శుక్రవారం మాట్లాడకపోయినా పర్వాలేదంట, ఇట్లనే వచ్చి ఎదురుగా పండుకోమనింది."