సుబ్బరత్నమ్మ వేళాకోళం

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక షెడ్డులో సుబ్బరత్నమ్మ జేబులు కుట్టేది. చెయ్యి ఎంత వేగమో నోరు అంతకు మించి. ఉపవాసం ఉన్నవాళ్లకు ఆకలి కన్నా ముందు ఆ సంగతి నలుగురికీ చెప్పాలన్న తహతహ పుడుతుందని అనేది. మితంగా తింటానని చెప్పుకునేవాడు ఆ మాట చెప్పడంలో మాత్రం మితం పాటించడని అనేది. ఆడవాళ్లంతా పడీపడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వు లేకపోతే ఆమెకు పొద్దుపోయేది కాదు.

పక్క మిషను కదిరమ్మది. మాట తక్కువ మనిషి. మధ్యాహ్నం పెద్ద డబ్బా విప్పి, జొన్నరొట్టె, చెనిక్కాయలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి అందరికీ పెట్టి, మిగిలింది తాను తినేది.

ఒకరోజు నవ్వించడానికి ఇంకెవరూ దొరకక సుబ్బరత్నమ్మ ఆమె మీద పడింది.

"చూడండమ్మా, కదిరమ్మ పెట్టేటప్పుడు మన చేతులు చూడదు, మొగాలు చూస్తాది. ఊరిబిండి మనకు, పేరు ఆమెకు. ఎవురి కడుపు నిండినట్టు?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. కదిరమ్మ కూడా నవ్వింది. మరునాడు చిన్న డబ్బా తెచ్చుకుని, గోడ వైపు తిరిగి తింది. కొన్నాళ్లకు పని మానేసి విడపనకల్లులో అన్న ఇంటికి వెళ్లిపోయింది.

సుబ్బరత్నమ్మకు మనసు నిలవలేదు. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లింది.

"నా మీద కోపంతోనే మానేసినావా కదిరీ?"

"కోపం యాడిది అక్కా. ముందు నీళ్లు తాగు."

"తమాషాకు అన్న్యా. అది అబద్ధం తల్లీ."

"అబద్ధమైతే మర్చిపోయుందును. రవ్వంత నిజముండాది. నలుగురూ నన్ను మంచిదంటే నాకు లోపల సంతోషమయ్యేది అక్కా. ఇప్పుడు ఎవురికన్నా పెట్టబోతే, ఎందుకు పెడతాండావని నా మనసే నన్ను అడుగుతాండాది. చెయ్యి ముందుకు పోదు."

సుబ్బరత్నమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, బస్సుకు బయల్దేరింది. తిరుగు బస్సులో, ఎండిన చెనిక్కాయ చేలు చూస్తూ కూర్చున్నప్పుడు ఆమెకు జవాబు తట్టింది. ఇంటికి చేరగానే ఫోను చేసింది.

"పేరు కోసం పెట్టినా తిన్నోళ్ల ఆకలి తీరింది నిజమే కదా కదిరీ. రవ్వంత ఆశ లేకుండా మంచి చేసేవాళ్లు యాడుండారు? నేను నవ్వించేది కూడా పేరు కోసమే."

అవతల కదిరమ్మ చిన్నగా నవ్వింది.

"నువ్వు మాటలు ఎప్పుడూ బాగా చెప్తావక్కా" అని, వంట పనుందంటూ ఫోను పెట్టేసింది.