గాడిదకు గొంతిచ్చినోడు

మా తమ్ముడు మునాఫ్ నోరు ఊరికే ఉండదు. రాయచోటిలో మేకలతో మాట్లాడినోడు, ఈ అరబ్బు దేశానికొచ్చి కబ్ద్ తోటలో పనికి చేరి గాడిదతో మాట్లాడకుండా ఉంటాడా? మా ఇద్దరికీ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒకడే; సల్వాలో ఉండే ఆయన ఇంట్లో నేను వంట చేస్తా. శుక్రవారం ఆ ఇంటోళ్లందరితో తోటకు పోతా.

తోటలో ఉండేది కఫీల్ నాయన, పెద్ద బాబా. ఒకప్పుడు మిలిటరీలో పనిచేసిన మనిషి. చూపు సగం పోయింది. ఆయనకు ఒకే పాత ఇంగ్లీషు సినిమా పిచ్చి. అందులో మిలిటరీ కంచరగాడిద సిపాయితో మాట్లాడతాది, ఆ మాట చెప్తే నమ్మక సిపాయిని ఆస్పత్రిలో పడేస్తారు. ఇంగ్లీషు ముక్క రాని మునాఫ్, ఆ సినిమా ఆడతాంటే పక్కన కూచోని వచ్చీరాని అరబ్బీలో గాడిద మాటలు సొంతంగా కల్పించి చెప్పేవాడు. బాబా కడుపు పట్టుకుని నవ్వేవాడు. అది చాలక ఈ సచ్చినోడు కొట్టం గోడ ఎనక నిలబడి తోటలో గాడిదకు కూడా గొంతిచ్చినాడు. "బాబా, మందులు మింగినావా?" అని గాడిద అడిగితే బాబా బుద్ధిగా మింగేవాడంట! "ఒరే, ఇది యాడికి పోతాదో" అని తిట్టినా. వింటేనా!

ఆ శుక్రవారం అన్నాల కాడ బాబా నోరు జారినాడు.

"నిన్న గాడిద నన్ను తిట్టింది."

కఫీల్ ముఖం మాడిపోయింది. పక్కకు పోయి ఫోన్ చేసొచ్చి, "కారెక్కు నాయనా, నీకు మతి పోయింది, ఆస్పత్రిలో చేర్పిస్తా" అన్నాడు.

నిజం చెప్తే మునాఫ్ పని ఖలాస్, ఇమానం ఎక్కిస్తారు. చెప్పకుంటే మంచి ముసలాయన పిచ్చోడవుతాడు. నోరు మూసుకోరా అని మునాఫ్‌కు కళ్లతోనే చెప్పినా. పుట్టినాక మొదటిసారి నా మాట విన్నాడు.

"గాడిదను చూసి పోతా" అన్నాడు బాబా. అందరం కొట్టం కాడికి పోయినాం. ఆయన దాని మెడ నిమిరి, "పోతాండా" అన్నాడు. అది చెవులు ఆడించింది. కఫీల్ "యల్లా, పద" అని బాబా చెయ్యి పట్టుకున్నాడు. పక్కన చూస్తే మునాఫ్ లేడు. యా అల్లా!

గోడ ఎనక నుంచి ఈసారి వాడి సొంత గొంతే వచ్చింది. "బాబాకు పిచ్చి లేదు. మాట్లాడేది నేను, మునాఫ్‌ని."

కఫీల్ చెయ్యెత్తుకుని అటు ఉరికినాడు. బాబా కర్ర అడ్డం పెట్టినాడు.

"వాడేనని నాకు మొదటి రోజే తెలుసు. నాకు పోయింది చూపు, చెవులు కాదు."

"మరి ఆస్పత్రికి ఎందుకు ఒప్పుకున్నావు?"

"చెప్తే వాణ్ణి పంపించేస్తావు. మళ్ల నాతో మాట్లాడేదెవరు?"

కఫీల్ ఎత్తిన చెయ్యి దించినాడు. నాకు ఏడుపు ఆగలేదు.

బాబా గోడ పక్కకు తిరిగి, "ఏం గాడిదా, మందుల యాళ కాలేదా?" అన్నాడు.

మునాఫ్ ఏడుస్తానే గొంతు మార్చి, "మింగు బాబా" అన్నాడు.

నీళ్లు తెచ్చిచ్చింది కఫీలే.