ఆల్ఫ్ దడిలో గండి

ప్రతి ఇంటి మాటనూ ఎరిగిన ప్రభువుకు స్తోత్రం. ఆయన కృప లేకపోతే చనిపోతున్నవారి మంచాల పక్కన ఇన్నేళ్లపాటు నిలబడగలిగేదాన్ని కాను.

అది 2023 చలికాలం. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కు పడమరగా, పల్లెల మధ్య ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో నేను నర్సుని. అక్కడ ఆల్ఫ్ అనే పెద్దాయన ఉండేవారు. జీవితమంతా పొలాలకు దడులు వేసిన మనిషి. ఇక్కడి దడి మన దడిలా కంప నరికి పాతేది కాదు. బతికున్న కొమ్మను మొదట్లో దాదాపు తెగేదాకా నరికి, కాస్త బెరడు మిగిల్చి, పక్కకు వంచుతారు. ఆ బెరడు ఆధారంగానే అది మళ్లీ చిగురిస్తుంది. అలా వంచిన కొమ్మను ఆయన ‘ప్లీచర్’ అనేవారు.

ఒంట్లో బాగున్న మధ్యాహ్నాల్లో నాకు ఆ ప్రాంతపు మాటలు చెప్పేవారు. ముళ్ల ఒళ్లున్న హెడ్జ్‌హాగ్ ఆయనకు ‘ఉర్చిన్’. నేల తవ్వే మోల్ ‘ఊంట్’, అది ఎగదోసిన మట్టికుప్ప ‘టంప్’. దడిలో పడిన సందు ‘గ్లాట్’.

“మా ఊళ్లో గండి అంటాం ఆల్ఫ్,” అన్నాను.

“గండీ,” అని పలికి చూసుకున్నారు. “బాగానే ఉంది. కానీ గొర్రె అందులోంచీ దూరుతుంది.”

ఆ చలికాలంలో ఆయన మతిమరుపు ముదిరింది. ఒకరోజు హ్యాండోవర్‌లో, అంటే షిఫ్ట్ మారేటప్పుడు వివరాలు చెప్పుకునేచోట, పెద్దవాళ్ల బాగోగులు చూసుకునే మా కేరర్ స్రవంతి అంది: “అక్కా, ఆల్ఫ్ పొద్దుగాల్నే మొదలువెట్టిండు. గ్లాట్ వడ్డదట, గొర్లు పోతున్నయట. గొర్లెక్కడియి అన్నందుకు నన్నే బయటికి ఎల్లగొట్టిండు.”

నేను వెళ్లి, “గ్లాట్ మూసేశాం ఆల్ఫ్,” అన్నాను.

“ఊరికే అంటున్నావు సిస్టర్. మా పిల్ల ఏది? అది కొమ్మ పట్టుకుంటేనే కదా నేను గుంజ కొట్టేది!”

ఆ పిల్ల జానెట్, ఆయన ఒక్కగానొక్క కూతురు. లండన్ శివారు స్టాన్‌మోర్‌లో ఇంగ్లీష్ టీచర్‌గా పనిచేసి రిటైరైంది. ఆయన ఒళ్లు బాగా క్షీణించిందని కబురు పెడితే వెంటనే వచ్చి, దగ్గర్లోనే గది తీసుకుంది. మంచం పక్కన కూర్చుని శుభ్రమైన ఇంగ్లీషులో పలకరించింది. ఆల్ఫ్ ఆమెను మర్యాదగా చూసి, “మేడమ్, మా పిల్ల ఎక్కడైనా కనిపించిందా?” అని అడిగారు.

వరండాలోకి వచ్చాక ఆమెతో అన్నాను: “చిన్నప్పుడు ఆయనతో ఎలా మాట్లాడేవారో అలా మాట్లాడి చూడండి.”

“ఆ మాటలకే స్కూల్లో నన్ను అందరి ముందూ నిలబెట్టి నవ్వారు. తర్వాత ఇంట్లో కూడా మానేశాను. ఇప్పుడు మాట్లాడితే నాటకంలా ఉంటుంది.”

“ఆయనకు అలా ఉండదు జానెట్.”

“రేపు చూద్దాం,” అంది.

మరుసటి ఉదయం ఆల్ఫ్ నొప్పితో మూలుగుతున్నారు. ఆయన్ని ఎప్పుడూ చూసే డాక్టర్, ఇక్కడి మాటలో జీపీ, వచ్చి చూసి, సిరింజ్ డ్రైవర్ పెట్టమన్నారు. చర్మం కింద మందును కొద్దికొద్దిగా ఎక్కించే చిన్న పంపు అది. నొప్పి తగ్గుతుంది, కానీ ఆ స్థితిలో మనిషి మళ్లీ మేలుకోకపోవచ్చు. జానెట్‌కు ఫోన్ చేశాను.

“నేను వచ్చేదాకా ఆపగలరా?”

ఆల్ఫ్ చేతులు దుప్పటిని పీకుతున్నాయి. “పిల్లా, పట్టుకో!” అంటున్నారు. ఆయన బాధను ఇంకొకరి కోసం పొడిగించడానికి నా చదువూ ఒప్పుకోలేదు, నా విశ్వాసమూ ఒప్పుకోలేదు.

“ఆపలేను. త్వరగా రండి.”

ఆమె వచ్చేసరికి ఆయన నిద్రలో ఉన్నారు. కోటు విప్పకుండానే కూర్చుంది. కాసేపటికి దుప్పటి అంచును రెండు చేతులా పట్టుకుంది, వంచిన కొమ్మను పట్టుకున్నట్టు. అప్పుడు ఆమె నోట అచ్చం ఆల్ఫ్ యాస వచ్చింది.

“ప్లీచర్ పట్టుకున్నా నాన్నా. గ్లాట్ మూసేద్దాం. కొట్టు గుంజ.”

ఆయన వేలైనా కదల్లేదు.

“వింటున్నాడా?” అని అడిగింది.

“వినికిడి చివరిదాకా ఉంటుందని మేం అందరికీ చెబుతాం. ఆల్ఫ్ విన్నారో లేదో నాకు తెలియదు.”

జానెట్ తల ఊపి, ఆ యాసలోనే ఉర్చిన్ల గురించి, ఊంట్ల గురించి చెబుతూ పోయింది. మసక చీకటి పడుతుండగా ఆయన కళ్లు తెరవకుండానే వెళ్లిపోయారు. అది గమనించక ఆమె ఇంకా కొన్ని మాటలు మాట్లాడింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి నేనే ఆపాను.

అప్పటి నుంచి కొత్తగా ఎవరు చేరినా ఇంట్లో ఏ మాటతో పలకరిస్తారని అదే రోజు అడుగుతున్నాను. రేపు అన్నవాళ్లకు కుర్చీ జరిపి, ఇప్పుడే మాట్లాడమంటున్నాను. నేను నేర్చుకున్నది అంతే. అది ఆల్ఫ్‌కు పనికిరాలేదు.

మా సంఘంలో చనిపోయినవారి కోసం ప్రార్థించం, మిగిలినవారి కోసం ప్రార్థిస్తాం. చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ఒకసారి తల వంచండి. తండ్రీ, ఆ తండ్రి విన్నాడో లేదో నీకు మాత్రమే తెలుసు. తెలియకుండా బతకవలసిన జానెట్‌ను ఆదరించుము. ఆమేన్.