పిన్నీసుల మీది నింద

నా పీహెచ్‌డీ ఎందుకు ఆగిపోయిందని మా చుట్టాల్లో ఎవరినడిగినా ఒకటే చెప్తారు: వాళ్ళ అవ్వ పుస్తెలతాడుకున్న పిన్నీసుల వల్ల. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. ఈ ముచ్చట పుట్టించింది కూడా మా అవ్వే. పెళ్ళిళ్ళలో, బీడీల కార్ఖానాలో, నిజామాబాద్ బస్టాండులో పరిచయమైన మనుషుల దగ్గర కూడా, "నా బిడ్డ సదువు నా చేతులతోని నేనే ఆగం చేసిన" అని చెప్పుకునేది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది.

అప్పట్లో నేను హైదరాబాదులో ఒక ల్యాబులో అయస్కాంతపు ఫిల్ములు తయారుచేసేదాన్ని. గాలి మొత్తం లాగేసిన ఉక్కు డబ్బాలో చిన్న పలక పెట్టి, దాని మీద ప్లాటినం ఒక పొర, కోబాల్టు ఒక పొర పరిచేదాన్ని. ఆ పొరల పక్కన వెంట్రుక పెడితే దూలంలా ఉంటుంది. కోబాల్టు పొరలో ప్రతి పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. అన్నీ తల పైకెత్తి నిలబడతాయి. ఒక్కోచోట మాత్రం మెల్లమెల్లగా పక్కకు వాలుతూ, నడిమధ్యకు వచ్చేసరికి పూర్తిగా తలకిందులవుతాయి. ఆ గుండ్రటి సుడినే స్కిర్మియాన్ అంటారు. నెత్తిమీద సుడి ఉన్న పిల్లకు ఎటు దువ్వినా అది పోదు కదా, ఇదీ అంతే. అటూ ఇటూ జరుగుతుంది గానీ తేలిగ్గా విడిపోదు. రేపటి కంప్యూటర్లు ఇలాంటి సుడుల్లోనే సమాచారం దాచుకుంటాయన్న ఆశతో ఎక్కడెక్కడివాళ్ళో వీటి వెంట పడ్డారు. నేనూ పడ్డాను, పిచ్చిదానిలా పడ్డాను.

పుస్తకాల్లో అవి మహా మొండివి. నా ఫిల్ములో మాత్రం బయటినుంచి అయస్కాంతపు బలం సరిగ్గా అందుతున్నంతసేపే ఉండేవి. బలం ఎక్కువైతే కుంచించుకుపోయి మాయం. అసలు తీసేస్తే చారలు చారలుగా సాగిపోయి, సుడి అన్నదే మిగలదు. ఏ ఆసరా లేకుండా వాటంతట అవి నిలిచే ఫిల్ము చేయాలి. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క పని మీదే ఉంది.

అవ్వ ఒకసారి నన్ను చూడ్డానికి రైలెక్కి వచ్చింది. "గన్నేండ్ల సంది ఏం జేస్తున్నవో నాకూ సూపియ్యి" అంది. ఆ మాటకు ఎంత సంబరపడ్డానో! ల్యాబులోకి తీసుకెళ్ళాను. మైక్రోస్కోపు కింద ఫిల్ము పెట్టి, అయస్కాంతపు బలం కోసం తీగచుట్టలోకి కరెంటు వదిలాను. తెర మీద బూడిదరంగు నేల, దాని నిండా నువ్వులు చల్లినట్టు నల్లటి చుక్కలు తేలాయి. ఒక్కో చుక్క ఒక్కో సుడి.

"గివేనా? గింతేనా?" అంది నవ్వుతూ.

"గివే అవ్వా. గివ్వి నిలబడితె నీ బిడ్డ డాక్టరమ్మ."

అంతకుముందే బల్లమీది పెద్ద అయస్కాంతానికి అవ్వ పిన్నీసులు టపటపా అతుక్కున్నాయి. చీరకు, బీడీల పనికి, ముల్లు తీయడానికి అని పుస్తెలతాడుకు ఎప్పుడూ ఓ గుత్తి వేలాడేది. చిన్నపిల్లలా కిలకిలా నవ్వుతూ వాటిని లాక్కుంది. అవీ కాస్త అయస్కాంతాలైపోయాయని నాకు ఆ సంబరంలో తట్టలేదు. ఇప్పుడు తెరను వదిలేసి, అసలు ఫిల్మునే చూద్దామని మైక్రోస్కోపు మీదికి వంగింది. పుస్తెలతాడు ముందుకు జారి, పిన్నీసులు ఫిల్ముకు దగ్గరగా ఊగాయి. తెర మీద ఒక మూల చుక్కలు కుంచించుకుపోయి, ఒక్కొక్కటే ఆరిపోయాయి.

నేను "అయ్యో!" అన్నాను. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క అరుపుకే అవ్వ రాయిలా నిలబడిపోయింది.

"ఏం కాలేదు అవ్వా, సూడు" అంటూ కరెంటు తగ్గించి మళ్ళీ పెంచాను. చుక్కలన్నీ తిరిగి వచ్చాయి. నిజంగా ఏమీ పోలేదు. రోజూ నేను చేసే పనే అది. అవ్వ మాత్రం పుస్తెలతాడు నుంచి పిన్నీసులన్నీ ఊడదీసి కొంగున ముడేసుకుంది. సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా చాలాకాలం పని చేశాను. పొర మందం మార్చాను, లోహాలు మార్చాను, వేడి మార్చాను. స్విచ్చు ఆపడం, చారలు రావడం. తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతలో ఎక్కడో దూరదేశంలో ఎవరో నిలిచే సుడులు చేసి చూపించారు. వాళ్ళ పేపరు చదివిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు. ఇంకో దారి వెతుకుదామని మా సారు అన్నారు. నాలో ఓపిక లేదు. సామాను సర్దుకుని ఇంటికి వచ్చేశాను.

వచ్చిన వారంలోనే పక్కింటామె అడిగింది, సదువు అయిపోయిందా అని. నేను నోరు తెరిచేలోపు అవ్వ అందుకుంది, పిన్నీసుల ముచ్చట. నేను బిత్తరపోయాను. "గట్ల కాదే!" అని అరిచాను. వింటేగా! ఊరంతా పాకింది. "గింత పిన్నీసుకు గంత సదువు పోతదా?" అని బాపు కూడా వెక్కిరించేవాడు. బీడీల కార్ఖానాలో ఆడవాళ్ళు అవ్వ వస్తుంటే, "మిషన్లు జాగ్రత్త" అని నవ్వేవాళ్ళట. అవ్వ కూడా వాళ్ళతోపాటు నవ్వేదట. నా ఓటమికి ఆమె నవ్వులపాలవుతోందని నేను కుమిలిపోయేదాన్ని. ఎన్నిసార్లు బొమ్మలు గీసి చెప్పానో, ఎన్నిసార్లు కసురుకున్నానో. తలూపేది. మళ్ళీ ఎవరైనా అడిగితే అదే పాట.

ఇప్పుడు నేను బోధన్‌లో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నాను. అద్దెకు ఉన్న ఇల్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులది. నిజాంసాగర్ కాలువ కింద వాళ్ళకు చెరుకుంది. మొన్న అవ్వ నా దగ్గరికి వచ్చింది, బీడీలు చుట్టే చాట కూడా వెంట తెచ్చుకుని. చూసిపోదామని ఇంటి ఓనరమ్మ చెంబుతో చెరుకురసం తీసుకుని వచ్చి కూర్చుంది.

మాటల్లో ఆమె, "అంత పెద్ద చదువు మధ్యలో ఎందుకు ఆపేసిందండీ మీ అమ్మాయి?" అంది.

"ఏం జెప్పాలె అక్కా, నా పిన్నీసులే..." అని అవ్వ మొదలుపెట్టింది.

నా వల్ల కాలేదు. "పిన్నీసులు లేవు, ఏం లేవు ఆంటీ. మా అవ్వ తప్పు అణువంత కూడా లేదు. నాకే చేతకాలేదు. ఓడిపోయి వచ్చేశాను" అన్నాను.

"అయ్యో, అవేం మాటలమ్మా" అంటూ ఆమె ఇబ్బందిగా లేచి వెళ్ళిపోయింది. నా గుండె తేలికపడింది. అవ్వ వైపు చూస్తే ఏడుస్తోంది. పుస్తెలు కుదువపెట్టిన రోజు కూడా ఏడవని మనిషి.

"పరాయోళ్ళ ముంగట గా మాట ఎందుకన్నవ్ బిడ్డా?"

"మరి నువ్వెందుకు మోస్తవే గా నింద? చుక్కలు మల్ల వచ్చినయని ఎన్నిసార్లు చెప్పిన నీకు!"

"వచ్చినయి. నేను సూడలేదా? నువ్వు మీట తిప్పినవ్, అన్ని మల్ల లేసినయి."

నేను చాట పక్కకు జరిపి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు సామాను పట్టుకొని ఇంటికొచ్చిననాడు నీ మొఖం సూసిన" అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "పక్కింటామె అడిగితె నువ్వు ఏడుస్తవని బుగులైంది. నోటికొచ్చింది అన్న. నన్నంటే ఏమైతది? సదువురాంది, తెల్వక చేసిందంటరు. నిన్నైతే చేతకాంది అంటరు. గా ఒక్క మాట నీ మీద పడొద్దనే ఇన్నొద్దులు గట్ల చెప్పుకుంటొచ్చిన. ఇయ్యాల నీ నోటితోనే అంటివి."

గోడ అవతల ఇంటి ఓనరమ్మ వాళ్ళాయనకు చెప్తోంది. ప్రతి మాటా వినబడుతోంది. "పిన్నీసులూ కాదు, పాడూ కాదంట. పాపం, ఆ పిల్లకే చేతకాలేదంట."

అవ్వ లేచి వెళ్ళి కిటికీ తలుపు వేసింది.